ఉదయ్ శంకర్

ఉదయ్ శంకర్ (డిసెంబర్ 8, 1900 - సెప్టెంబర్ 26, 1977) ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన భారతీయ నర్తకుడు, నృత్య దర్శకుడు. భారతీయ నృత్యాన్ని ఐరోపా, అమెరికా రంగస్థలాలకు పరిచయం చేసిన తొలితరం కళాకారులలో అగ్రగణ్యుడు. ఏ ఒక్క శాస్త్రీయ సంప్రదాయానికీ కట్టుబడకుండా, పలు సంప్రదాయాల నుండి గ్రహించిన అంశాలను తన ఊహతో మేళవించి ఒక కొత్త నృత్యరీతిని రూపొందించాడు. హిమాలయ పాదప్రాంతంలోని అల్మోరాలో ఒక సాంస్కృతిక కేంద్రాన్ని స్థాపించాడు. అది మూతబడిన తరువాత ఆ కలనే ఇతివృత్తంగా తీసుకొని కల్పన (1948) అనే హిందీ చలనచిత్రాన్ని స్వయంగా రచించి, నిర్మించి, దర్శకత్వం వహించి, అందులో నాయకుడుగా నటించాడు. విడుదలైనపుడు ఆదరణకు నోచుకోని ఆ చిత్రం ఈనాడు భారతదేశంలో నృత్యం గురించి వచ్చిన చిత్రాలలో విశిష్టమైనదిగా గుర్తింపు పొందింది. ప్రసిద్ధ సితార్ విద్వాంసుడు పండిట్ రవిశంకర్ ఇతని కనిష్ఠ సోదరుడు.

బాల్యం

ఉదయ్ శంకర్ రాజస్థాన్‌లోని ఉదయపూర్‌లో ఒక బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. పుట్టిన ఊరి పేరే ఇతనికి పెట్టారు. వీరి పూర్వీకులది ప్రస్తుతం బంగ్లాదేశ్‌లో ఉన్న నరాయిల్ ప్రాంతం. తండ్రి శ్యామ్ శంకర్ చౌధురి సంస్కృత పండితుడు, బారిస్టరు. ఝాలావాడ్ సంస్థానంలో ఉన్నతోద్యోగం చేశాడు. తల్లి హేమాంగినీ దేవి ఘాజీపూర్ సమీపంలోని నస్రత్‌పూర్‌కు చెందిన జమీందారీ కుటుంబంలో పుట్టింది. రాజేంద్ర, దేవేంద్ర, భూపేంద్ర, రవి ఇతని తమ్ముళ్ళు. తండ్రి ఎక్కువ కాలం దూరప్రాంతాలలో గడపడం వలన పిల్లలు తల్లితో పాటు నస్రత్‌పూర్, కాశీ పట్టణాలలో పెరిగారు.

నస్రత్‌పూర్‌లో మాతాదీన్ అనే వ్యక్తి చేసే నృత్యం బాలుడైన ఉదయ్‌ను ఎంతగానో ఆకర్షించింది. మాతాదీన్ చర్మకార కులానికి చెందినవాడు. ఆనాటి సమాజంలో అంటరానివాడుగా పరిగణింపబడిన ఆ మనిషి నృత్యాన్ని జమీందారు ఇంటి మనుమడు తదేకంగా చూసి, ఇంటికి వచ్చి అనుకరించేవాడు. ఝాలావాడ్ రాజాస్థానంలో జరిగే నృత్యాలు, పండుగలలో గ్రామీణులు చేసే నృత్యాలు కూడా ఇతని మనసులో నాటుకున్నాయి. ఈ బాల్య దృశ్యాలు తప్ప ఇతనికి నృత్యంలో గురుముఖంగా లభించిన తొలి శిక్షణ ఏదీ లేదు.

చిత్రకళాభ్యాసం

ఇతని తొలి అభిరుచి చిత్రలేఖనం. 1918లో బొంబాయిలోని జె.జె. కళాశాలలో చిత్రకళ అభ్యసించడానికి వెళ్ళాడు. గాంధర్వ మహావిద్యాలయలో కొంత సంగీత శిక్షణ కూడా పొందాడు. 1920లో తండ్రి ఇతనిని లండన్‌కు పిలిపించి రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చేర్పించాడు. ఆ కళాశాలకు అధిపతి అయిన విలియమ్ రోథెన్‌స్టీన్ రవీంద్రనాథ టాగూర్‌కు మిత్రుడు, భారతీయ కళలంటే ఎంతో గౌరవం గలవాడు. ఐరోపా చిత్రకారులను అనుకరించడం కంటె స్వదేశ కళను అధ్యయనం చేయడం మేలని ఆయన ఇతనికి బోధించి, బ్రిటిష్ మ్యూజియంలోని భారతీయ శిల్పాలను, చిత్రాలను పరిశీలించమని ప్రోత్సహించాడు. శిల్పాలలోని భంగిమలను, ముద్రలను గమనించే అలవాటు తరువాతి కాలంలో ఇతని నృత్యానికి ముఖ్యమైన ఆధారమయింది.

శ్యామ్ శంకర్ లండన్‌లో భారతీయ సంగీత, నాటక ప్రదర్శనలు ఏర్పాటు చేస్తూ ఉండేవాడు. వాటిలో ఉదయ్ నృత్యం చేసేవాడు.

అన్నా పావ్లోవా పరిచయం

రష్యాకు చెందిన సుప్రసిద్ధ బ్యాలే నర్తకి అన్నా పావ్లోవా 1922లో ఆసియా దేశాలలో పర్యటించి, భారతీయ ఇతివృత్తాలతో నృత్యాలు రూపొందించాలని సంకల్పించింది. అందుకు సహకరించగల భారతీయుని కొరకు లండన్‌లో వెదుకుతూ ఉదయ్ శంకర్‌ను కలుసుకుంది. వీరిద్దరి సహకారంతో హిందూ వివాహం, రాధాకృష్ణులు అనే రెండు నృత్యాలు తయారయ్యాయి. ఇవి 1923 సెప్టెంబరులో లండన్‌లోని కోవెంట్ గార్డెన్ రంగస్థలంపై ప్రదర్శింపబడ్డాయి. రెండవదానిలో పావ్లోవా రాధగా, ఉదయ్ శంకర్ కృష్ణుడుగా నర్తించారు. ఆ తరువాత ఇతడు పావ్లోవా బృందంతో కలిసి అమెరికాలో పర్యటించాడు.

ఇతడు బ్యాలే నేర్చుకోవాలని కోరగా పావ్లోవా నిరాకరించి, స్వదేశపు నృత్యాలను ఆశ్రయించమని సలహా ఇచ్చిందని చెబుతారు. తరువాతి కాలంలో మద్రాసులో కళాక్షేత్రాన్ని స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్‌కు కూడా పావ్లోవాయే స్ఫూర్తి కావడం విశేషం. ఆధునిక భారతీయ నృత్య చరిత్రలో రెండు భిన్నమైన మార్గాలకు ఈ విధంగా ఒకే విదేశీ నర్తకి ప్రేరణ అయింది.

పారిస్ బృందం, ప్రపంచ పర్యటనలు

1924లో పావ్లోవా బృందాన్ని వీడిన ఉదయ్ శంకర్ పారిస్‌లో స్థిరపడి, చిన్న చిన్న రంగస్థలాలపై నర్తిస్తూ కష్టజీవితం గడిపాడు. ఫ్రెంచి యువతి సిమోన్ బార్బియే ఈ కాలంలోనే ఇతనికి శిష్యురాలయింది. సిమ్కీ అనే పేరుతో ఈమె దాదాపు రెండు దశాబ్దాల పాటు ఇతని ప్రధాన సహనర్తకిగా ఉంది. స్విట్జర్లాండుకు చెందిన శిల్పి ఆలిస్ బోనర్ ఇతని నృత్యానికి ముగ్ధురాలై, సొంత బృందాన్ని ఏర్పరచుకోవడానికి ఆర్థిక సహాయం చేసింది. 1930లో వీరిద్దరూ భారతదేశమంతా పర్యటించి, దేవాలయ శిల్పాలను, కేరళ కథకళిని, జానపద నృత్యాలను పరిశీలించారు. బృందం కొరకు దేశం నలుమూలల నుండి వాద్యాలను, దుస్తులను సేకరించారు.

ఉదయ్ శంకర్ తన తమ్ముళ్ళను, తల్లిని, మరికొందరు బంధువులను, సంగీత విద్వాంసులను వెంటబెట్టుకొని తిరిగి పారిస్ చేరాడు. అప్పటికి రవిశంకర్ వయసు పదేళ్ళు. తిమిర్ బరన్, విష్ణుదాస్ శిరాలి సంగీత బాధ్యతలు వహించారు. 1931 మార్చిలో పారిస్‌లోని షాంజెలిజే థియేటర్లో ఈ బృందం తొలి ప్రదర్శన ఇచ్చింది. తరువాతి ఏడెనిమిది సంవత్సరాలలో ఐరోపా, అమెరికా దేశాలలో వందలాది ప్రదర్శనలు జరిగాయి. 1932-33లో ప్రముఖ నిర్వాహకుడు సోల్ హురోక్ ఆధ్వర్యంలో అమెరికా పర్యటన జరిగింది. 1935లో జొహ్రా ముంతాజ్ (తరువాత జొహ్రా సెహగల్) బృందంలో చేరింది. ఉస్తాద్ అల్లావుద్దీన్ ఖాన్ కూడా ఆ పర్యటన కాలంలో బృందంతో పయనించాడు. యువ నర్తకుడైన రవిశంకర్ నృత్యం విడిచి సితార్ సాధనకు అంకితం కావడానికి ఈ సాహచర్యమే కారణమయింది.

అల్మోరా కేంద్రం

విదేశాలలో లభించిన కీర్తితో ఉదయ్ శంకర్ తృప్తి చెందలేదు. నృత్యం, సంగీతం, నాటకం, చిత్రకళ కలిసి ఒకేచోట నేర్పబడే కళాకేంద్రం స్వదేశంలో ఉండాలని ఇతని ఆశయం. ఇంగ్లాండులోని డార్టింగ్టన్ హాల్‌లో లియొనార్డ్, డొరోతీ ఎల్మ్‌హర్స్ట్ దంపతులు నడిపే విద్యా కేంద్రంలో 1936లో ఇతని బృందం కొన్ని నెలలు గడిపింది. లియొనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ అంతకు ముందు శ్రీనికేతన్‌లో టాగూర్‌తో కలిసి పనిచేసినవాడు. ఆ దంపతుల ఆర్థిక సహాయం వలన 1938లో అల్మోరా సమీపంలోని సిమ్‌తోలాలో ఉదయ్ శంకర్ భారతీయ సాంస్కృతిక కేంద్రం వెలసింది. ఈ ప్రాంతం ప్రస్తుతం ఉత్తరాఖండ్ రాష్ట్రంలో ఉంది.

ఈ కేంద్రానికి ఆనాటి మేటి గురువులు వచ్చారు. కథకళికి శంకరన్ నంబూద్రి, భరతనాట్యానికి కందప్ప పిళ్ళై, మణిపురికి అమోబీ సింగ్, సంగీతానికి అల్లావుద్దీన్ ఖాన్ ఆచార్యులు. వీరిలో కందప్ప పిళ్ళై ప్రసిద్ధ నర్తకి బాలసరస్వతికి గురువు. విద్యార్థులు శాస్త్రీయ రీతులతో పాటు నడక, పరిశీలన, ఆశువుగా కదలికలను కల్పించడం కూడా అభ్యసించేవారు. గురువు చేసినదానిని అలాగే తిరిగి చేయడం కాక, శిష్యుడు తన ఊహను ఉపయోగించడం ఇక్కడి బోధనలో ప్రధానాంశం. తెల్లని తెర వెనుక దీపాలు అమర్చి నర్తకుల నీడలతో ప్రదర్శించిన రామలీల చుట్టుపక్కల కొండ ప్రాంతాల ప్రజలను విశేషంగా ఆకర్షించింది. శ్రామికుల జీవితం ఇతివృత్తంగా రూపొందించిన శ్రమ - యంత్రం అనే నృత్యనాటిక కూడా ఈ కాలానికి చెందినదే. దేవతల కథలకే పరిమితమని భావింపబడిన నృత్యంలో కర్మాగారం, కూలీ, యజమాని పాత్రలుగా ప్రవేశించడం అప్పటికి కొత్త విషయం.

1941లో రవిశంకర్, అల్లావుద్దీన్ ఖాన్ కుమార్తె అన్నపూర్ణా దేవిల వివాహం అల్మోరాలోనే జరిగింది. 1942లో ఉదయ్ శంకర్ తన శిష్యురాలు అమలా నందిని వివాహమాడాడు. ఈమెను ఇతడు మొదటిసారి 1931లో పారిస్‌లో చూశాడు. అప్పుడామె అంతర్జాతీయ ప్రదర్శనకు తండ్రితో వచ్చిన పదకొండేళ్ళ బాలిక.

రెండవ ప్రపంచయుద్ధం వలన విదేశీ పర్యటనలు ఆగిపోయాయి. వాటి నుండి వచ్చే రాబడి, విదేశాల నుండి అందే విరాళాలు తగ్గిపోయాయి. నిధుల కొరత వలన కేంద్రం కొద్ది సంవత్సరాలకే మూతబడింది.

కల్పన చిత్రం

కేంద్రం మూతబడిన తరువాత ఉదయ్ శంకర్ తన ఆలోచనలను శాశ్వతంగా నిలిపే సాధనంగా చలనచిత్రాన్ని ఎంచుకున్నాడు. రంగస్థలంపై నృత్యం ప్రదర్శన ముగియగానే అదృశ్యమవుతుంది. చలనచిత్రంలో అది నిలిచి ఉంటుంది. పైగా అల్మోరా వరకు రాలేని సామాన్య ప్రజలకు కూడా చేరుతుంది. ఈ ఉద్దేశంతో శిష్యబృందంతో మద్రాసు చేరి, ఎస్.ఎస్. వాసన్‌కు చెందిన జెమినీ స్టూడియోలో చిత్రీకరణ ప్రారంభించాడు.

చిత్రకథ ఒక నిర్మాత కార్యాలయంలో మొదలవుతుంది. ఒక రచయిత తన కథను నిర్మాతకు వినిపిస్తాడు. ఆ కథే ప్రధాన చిత్రం. అందులో ఉదయన్ అనే యువకునికి చిన్ననాటి నుండి నాటకాలన్నా, నృత్యమన్నా ప్రాణం. పెరిగి పెద్దవాడై హిమాలయాలలో ఒక కళాకేంద్రాన్ని స్థాపిస్తాడు. ఉమ, కామిని అనే ఇద్దరు యువతులు అతనిని ప్రేమిస్తారు. కామిని అసూయ వలన చిక్కులు ఏర్పడతాయి. కేంద్రానికి నిధులు సమకూర్చడానికి ఒక ఉత్సవం ఏర్పాటు చేసి, రాజులను, ధనికులను ఆహ్వానిస్తారు. కథ అంతా విన్న నిర్మాత, ధనార్జనకు పనికిరాదని దానిని తిరస్కరిస్తాడు.

ఉదయన్‌గా ఉదయ్ శంకర్, ఉమగా అమలా శంకర్, కామినిగా లక్ష్మీకాంత నటించారు. సంగీతం విష్ణుదాస్ శిరాలి, పాటల రచన హిందీ మహాకవి సుమిత్రానందన్ పంత్, సంభాషణలు అమృత్‌లాల్ నాగర్, ఛాయాగ్రహణం కె. రామ్‌నాథ్ నిర్వహించారు. తరువాతి కాలంలో తెలుగు ప్రేక్షకులకు కూడా సుపరిచితులైన ట్రావెన్కూర్ సోదరీమణులలో లలిత, పద్మిని ఈ చిత్రంతోనే వెండితెరకు పరిచయమయ్యారు.

ఈ చిత్రంలో నృత్యం కథకు మధ్యలో వచ్చే అలంకారం కాదు. కథ నడిచేదే నృత్యంతో. శివతాండవం, దేశంలోని వివిధ ప్రాంతాల జానపద నృత్యాలు, శ్రమ - యంత్రం వంటి నృత్యనాటికలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. నీడలు, ఒక దృశ్యంపై మరొక దృశ్యం కలిసిపోవడం, అసాధారణమైన కోణాల నుండి చిత్రీకరణ వంటి పద్ధతుల ద్వారా కలకు, వాస్తవానికి మధ్య హద్దు చెరిపివేయబడింది. ఆనాటి విద్యావిధానం, సంస్థానాధీశుల విలాసాలు, ధనవ్యామోహం, ప్రాంతీయ సంకుచితత్వం చిత్రంలో వ్యంగ్యానికి గురవుతాయి. చిత్రం వేగంగా సాగుతుందని, జాగ్రత్తగా చూడవలసిందని ప్రేక్షకులను ప్రారంభంలోనే హెచ్చరించడం దీనిలోని మరొక విశేషం.

కల్పన నిర్మాణం జరుగుతున్న సంవత్సరాలలోనే జెమినీ స్టూడియోలో వాసన్ నిర్మించిన చంద్రలేఖ చిత్రం కూడా రూపుదిద్దుకున్నది. రెండూ 1948లోనే విడుదలయ్యాయి. భారీ ఢంకాలపై నర్తకులు ఆడే నృత్యంతో చంద్రలేఖ దేశమంతటా ఘనవిజయం సాధించింది. కల్పన మాత్రం ఆర్థికంగా విఫలమయింది. చిత్రంలోని రచయితకు ఎదురైన తిరస్కారమే చిత్రకర్తకూ ఎదురయింది. ఉదయ్ శంకర్ మరొక చలనచిత్రానికి దర్శకత్వం వహించలేదు.

తరువాతి జీవితం

1949 తరువాత ఉదయ్ శంకర్ కొత్త బృందంతో తిరిగి విదేశీ పర్యటనలు చేశాడు. బుద్ధుని జీవితాన్ని ఛాయా నాటకంగా రూపొందించాడు. 1960 ప్రాంతంలో కలకత్తాలో స్థిరపడ్డాడు. 1961లో టాగూర్ శతజయంతి సందర్భంగా ఆయన కవిత ఆధారంగా సామాన్య క్షతి అనే నృత్యనాటికను రూపొందించాడు. దీనికి రవిశంకర్ సంగీతం సమకూర్చాడు. తన కౌతుకాల కొరకు పేదల గుడిసెలను తగులబెట్టించిన రాణికి రాజు విధించిన శిక్ష ఇందలి కథ. 1965లో కలకత్తాలో ఉదయ్ శంకర్ నృత్య కేంద్రం ప్రారంభమయింది. దీని నిర్వహణలో అమలా శంకర్ ప్రధానపాత్ర వహించింది.

వృద్ధాప్యంలో కూడా ప్రయోగాలు మానలేదు. 1970 దశకం తొలినాళ్ళలో శంకర్‌స్కోప్ అనే ప్రదర్శనను రూపొందించాడు. ఇందులో రంగస్థలంపై నటులు, తెరపై చలనచిత్రం కలిసి ఒకే కథను నడిపిస్తాయి. తెర మీది మనిషి రంగస్థలం మీదికి దిగి వచ్చినట్లు, తిరిగి తెరలోకి వెళ్ళినట్లు కనిపిస్తుంది. కల్పనలో ప్రారంభించిన నృత్య, చలనచిత్ర సమ్మేళనానికి దీనిని కొనసాగింపుగా భావించవచ్చు.

ఉదయ్ శంకర్ సెప్టెంబర్ 26, 1977న కలకత్తాలో మరణించాడు.

నృత్యశైలి, విమర్శలు

ఉదయ్ శంకర్ శైలిపై ఇతని జీవితకాలంలోనే భిన్నాభిప్రాయాలు ఉండేవి. ఏ సంప్రదాయంలోనూ సంపూర్ణ శిక్షణ పొందని వ్యక్తి భారతీయ నృత్యానికి ప్రతినిధిగా చెలామణి కావడం కొందరు పండితులకు నచ్చలేదు. పాశ్చాత్య ప్రేక్షకుల అభిరుచికి అనుగుణంగా నృత్యాలను కుదించాడని కూడా విమర్శ ఉంది. ఇతని అంశాలు చాలావరకు కొద్ది నిమిషాలలో ముగిసేవి. దుస్తులు, దీపాలంకరణ, రంగస్థలంపై నర్తకుల అమరికలలో పాశ్చాత్య ప్రభావం కనిపిస్తుంది. అయితే సంగీతంలో మాత్రం భారతీయ వాద్యాలనే ఉపయోగించాడు.

ఈ విమర్శలను ఆనాటి పరిస్థితులతో కలిపి పరిశీలించవలసి ఉంటుంది. 1920లలో భారతదేశంలో చదువుకున్న కుటుంబాలు నృత్యాన్ని నీచమైన వృత్తిగా చూసేవి. దక్షిణాదిలో దేవదాసీల నృత్యానికి వ్యతిరేకంగా ఉద్యమం సాగుతుండేది. మద్రాసు సంగీత అకాడమీ వేదికపై భరతనాట్యానికి గౌరవస్థానం లభించడం 1930లలో మొదలయింది. అటువంటి కాలంలో ఒక బారిస్టరు కుమారుడు నృత్యాన్నే వృత్తిగా స్వీకరించి ప్రపంచ ఖ్యాతి పొందడం వలన చదువుకున్న కుటుంబాల యువతీయువకులు నృత్యరంగంలోకి రావడానికి మార్గం సుగమమయింది. శాస్త్రీయ నృత్యకారుల పట్ల కూడా ఇతనికి అనాదరభావం లేదు. కథకళి, భరతనాట్యం, మణిపురి గురువులను ఒకేచోట చేర్చి జీతాలిచ్చి పోషించినది ఇతని కేంద్రమే.

శిష్యులు

అల్మోరా కేంద్రం కొద్దికాలమే నడిచినా, అక్కడ శిక్షణ పొందినవారు భారతీయ నృత్య, నాటక, చలనచిత్ర రంగాలలో విస్తరించారు.

* గురుదత్ - అల్మోరాలో నృత్యం అభ్యసించి, 1944లో పూణెలోని ప్రభాత్ సంస్థలో నృత్య దర్శకుడుగా చేరాడు. ప్యాసా (1957), కాగజ్ కే ఫూల్ (1959) చిత్రాల దర్శకుడుగా సుప్రసిద్ధుడు.
* శాంతి బర్ధన్ - ప్రజా నాట్యమండలి కేంద్ర దళానికి నృత్యాలు రూపొందించాడు. 1952లో లిటిల్ బ్యాలే ట్రూప్‌ను స్థాపించాడు. నర్తకులు బొమ్మల వలె కదిలే రామాయణం ఇతని ప్రసిద్ధ సృష్టి.
* జొహ్రా సెహగల్ - నర్తకిగా ప్రారంభించి, పృథ్వీ థియేటర్స్‌లోనూ, చలనచిత్రాలలోనూ నటిగా దీర్ఘకాలం రాణించింది.
* సిమ్కీ - రాజ్ కపూర్ చిత్రం ఆవారా (1951)కు నృత్య దర్శకత్వం వహించింది. అందులోని స్వప్న సన్నివేశం సుప్రసిద్ధం.
* సచిన్ శంకర్ - బొంబాయిలో బ్యాలే బృందాన్ని నెలకొల్పాడు.
* నరేంద్ర శర్మ - ఢిల్లీలో భూమిక నృత్య సంస్థను స్థాపించాడు.
* లక్ష్మీ శంకర్ - నృత్యంతో ప్రారంభించి, తరువాత హిందుస్తానీ గాయనిగా పేరు పొందింది. ఉదయ్ శంకర్ సోదరుడు రాజేంద్ర శంకర్ భార్య.

కుటుంబం

ఉదయ్ శంకర్, అమలా శంకర్ దంపతులకు ఇద్దరు సంతానం. కుమారుడు ఆనంద శంకర్ (1942 - 1999) భారతీయ, పాశ్చాత్య వాద్యాల మేళవింపుతో సంగీతకర్తగా పేరు పొందాడు. కుమార్తె మమతా శంకర్ (జననం 1955) నర్తకి, నటి. మృణాల్ సేన్ మృగయా (1976), సత్యజిత్ రాయ్ ఆగంతుక్ (1991) ఈమె నటించిన చిత్రాలలో ముఖ్యమైనవి. అమలా శంకర్ 2020 జూలై 24న కలకత్తాలో నూట ఒకటవ ఏట మరణించింది.

పురస్కారాలు

* 1960 - సంగీత నాటక అకాడమీ పురస్కారం (సృజనాత్మక నృత్యం)
* 1962 - సంగీత నాటక అకాడమీ ఫెలోషిప్
* 1971 - పద్మ విభూషణ్
* 1975 - విశ్వభారతి దేశికోత్తమ బిరుదు

భారత తపాలా శాఖ 1978లో ఇతని స్మారకార్థం ఒక తపాలా బిళ్ళను విడుదల చేసింది.

కల్పన పునరుద్ధరణ

కల్పన విడుదల తరువాత దశాబ్దాల పాటు సామాన్య ప్రేక్షకులకు అందుబాటులో లేకుండా పోయింది. చిత్రపు ప్రతి పూణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌లో భద్రపరచబడింది. అమెరికన్ దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ స్థాపించిన వరల్డ్ సినిమా ఫౌండేషన్ దీని పునరుద్ధరణకు పూనుకున్నది. ఇటలీలోని బొలోనా నగరంలో ఉన్న ప్రయోగశాలలో ఈ పని జరిగింది. పునరుద్ధరించిన చిత్రం 2012లో కాన్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శింపబడింది. అప్పటికి తొంభై రెండు సంవత్సరాలు దాటిన అమలా శంకర్ ఆ ప్రదర్శనకు హాజరయింది. చిత్రం తయారైన నాటి ప్రధాన నటీనటులలో ఆ గౌరవాన్ని కళ్ళారా చూడగలిగినది ఆమె.

నర్తకుని జీవితాన్ని, నెరవేరని కలను ఇతివృత్తంగా తీసుకున్న చిత్రాలు తరువాతి కాలంలో పలు భారతీయ భాషలలో వచ్చాయి. హిందీలో వి. శాంతారామ్ ఝనక్ ఝనక్ పాయల్ బాజే (1955), తెలుగులో కె. విశ్వనాథ్ సాగర సంగమం (1983) వాటిలో ప్రసిద్ధమైనవి. అయితే ఒక నర్తకుడు తన కథను తానే వ్రాసి, తానే నర్తించి, తానే చిత్రించిన ఉదాహరణగా కల్పనకు ప్రత్యేక స్థానం ఉంది. అల్మోరా కేంద్రంలో రూపుదిద్దుకున్న నృత్యాలు, అక్కడి శిష్యుల కదలికలు ఈనాటి వారికి ప్రధానంగా ఈ చిత్రం ద్వారానే తెలుస్తున్నాయి. ధనాన్ని ఆర్జించలేకపోయినా, నృత్యాన్ని నిలపాలన్న ఉదయ్ శంకర్ ఉద్దేశాన్ని మాత్రం కల్పన నెరవేర్చింది.